పెద్ద కారు – దాని బరువు, మన బాధ్యత

ఒకప్పుడు పల్లెలోనికి జీపు వచ్చినదన్న తహశీల్దారుగారో, అటవీశాఖ అధికారియో వచ్చినట్లు లెక్క. నేడు ఆ జీపు సంతతికి చెందిన పెద్ద కార్లు సామాన్య గృహస్థుల ఇండ్ల ముందు నిలిచియున్నవి. 1998లో టాటా సఫారి, 2000లో మహీంద్రా బొలేరో, 2002లో స్కార్పియో, 2009లో టొయోటా ఫార్చ్యూనర్ మన దేశపు విపణిలోనికి వచ్చినవి. ఇట్టి బండ్లనే ఇప్పుడు ఎస్.యు.వి.లని పిలుచుచున్నారు. నేలకు ఎత్తుగా ఉండుట, ఏడుగురు కూర్చుండుటకు చోటు, గతుకుల బాటను లెక్కచేయని చక్రములు, ఇన్ని సుగుణములున్న బండి గనుక, దీనికేమగునను ధీమా యజమానికి కలుగుట సహజము. ఆ ధీమాయే మొదటి ప్రమాదము.

పెద్ద కారు బలమైనదే, సందేహము లేదు. అయితే ఆ బలములో చాల భాగము దాని బరువును అది మోసికొనుటకే వ్యయమగుచున్నదని మరువరాదు. చిన్న కారు ఖాళీగా ఎనిమిది, తొమ్మిది వందల కిలోలు తూగును. డీజిలు ఇంజను, ఉక్కు చట్రము గల పెద్ద కారు ఖాళీగానే రెండు టన్నుల పరిసరమున ఉండును. ఏడుగురు మనుషులు, వారి పెట్టెలు చేరినచో రెండున్నర టన్నులకు వచ్చును. ఈ బరువును కదలించుట ఇంజను పని; ఆపుట బ్రేకుల పని; మోయుట టైర్ల పని; కదలించుటలో పుట్టిన వేడిని బయటికి పంపుట రేడియేటరు పని. పెద్ద కారుకు వచ్చు చిక్కులలో పెక్కింటికి మూలము ఈ నాలుగు పనులలో ఏదో ఒకటి కుంటువడుటయే. ఇంటివారు చేయదగిన సంరక్షణ ఏమి, త్రోవలో చిక్కు వచ్చినప్పుడు మొదట చేయవలసినదేమి, చేయరానిదేమి అను సంగతులను ఈ ప్రసంగములో మనవి చేయుదును.

ఈ విషయము నాకు పుస్తకము వలన తెలిసినది కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట మా కుటుంబమువారము ఏడుగురము తిరుమల దర్శనము చేసికొని క్రిందికి దిగుచుంటిమి. దిగుటకు ఉపయోగించునది 1944లో తెరచిన మొదటి ఘాటు రోడ్డు. బండిని నేనే నడపుచుంటిని. పై గేరులోనే ఉంచి, మలుపు మలుపునకు బ్రేకు నొక్కుచు వచ్చితిని. సగము దారి దాటిన తరువాత ఏదో కాలుచున్న వాసన వచ్చినది. వెనుక కూర్చున్న మా అమ్మ, “ఏదో మాడుతోందిరా” అన్నది. నేను వినిపించుకొనలేదు. మరి రెండు మలుపులు తిరుగునప్పటికి బ్రేకు పెడలు కాలి క్రింద మెత్తబడి నేలదాక దిగిపోయినది. అదృష్టవశమున ఆ మలుపు ప్రక్కన కొంత వెడల్పు చోటున్నది. గేరు తగ్గించి, చేతిబ్రేకు లాగి, ఎట్లో బండిని కొండవైపున ఆపగలిగితిని. దిగి, సీసాలోని నీళ్ళను చక్రములపై పోయబోవుచుండగా, వెనుక వచ్చిన టాక్సీ డ్రైవరు పరుగున వచ్చి నా చేయి పట్టుకొన్నాడు. “నీళ్ళు పొయ్యొద్దు సార్, డిస్కులు వంకర పోతాయి. అరగంట ఊరికే ఉండండి, అదే చల్లబడుతుంది. కొండ దిగేటప్పుడు గేరుతో దిగాల సార్, బ్రేకుతో కాదు” అన్నాడు. అరగంటకు పెడలు మరల గట్టిపడినది. రెండవ గేరులో మెల్లగా తిరుపతి చేరితిమి. అక్కడి మెకానిక్కు చూచి, బ్రేకు ఆయిలు మార్చి నాలుగేండ్లు దాటినదని తేల్చినాడు. ఆ తప్పు నాదే.

అక్కడ జరిగినదేమో లెక్కవేసి చూతము. తిరుమల సముద్రమట్టమునకు సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్నది. తిరుపతి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉన్నది. రెండున్నర టన్నుల బండి ఈ ఎత్తు దిగునప్పుడు విడుదలయగు శక్తి అంతయు వేడిగా మారినచో, నాలుగు బిందెల నీటిని, అనగా దాదాపు 58 లీటర్లను, 30 డిగ్రీల నుండి మరుగు స్థితికి తెచ్చుటకు చాలును. పై గేరులో దిగు డ్రైవరు ఆ వేడిలో అధిక భాగమును నాలుగు చక్రములలోని బ్రేకుల నెత్తిన వేయుచున్నాడు. క్రింది గేరులో దిగునప్పుడు ఇంజనే బండిని పట్టియుంచి, ఆ భారములో మంచి వాటాను తాను తీసికొనును. ఆటోమేటిక్ గేర్లున్న బండిలో కూడ క్రింది గేరును నిలుపుటకు లివరు వద్దనో, స్టీరింగు వద్దనో ఏర్పాటుండును. దానిని ఇంటివద్దనే తెలిసికొని ఉంచుకొనవలెను.

బ్రేకు ఆయిలుకు ఒక దుర్గుణము కలదు. అది గాలిలోని తేమను మెల్లమెల్లగా పీల్చుకొనును. డాట్ 4 అను తరగతి ఆయిలు క్రొత్తదిగా ఉన్నప్పుడు 230 డిగ్రీల లోపల మరుగరాదని ప్రమాణము. తేమ పట్టిన పిదప అదే ఆయిలుకు ప్రమాణము కోరునది 155 డిగ్రీలు మాత్రమే. మరిగిన ఆయిలులో ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము నొక్కిన నొక్కుడుకు లొంగదు గాని, ఆవిరి లొంగును. అందువలననే పెడలు నేలకు దిగిపోవును. కావున బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగినను తిరుగకున్నను, రెండేండ్ల కొకసారి బ్రేకు ఆయిలు మార్పించుట మంచిది. బ్రేకు నొక్కినప్పుడు కీచుమను సన్నని ధ్వని వచ్చినచో ప్యాడ్లు అరిగినవని హెచ్చరిక. గరగరమని లోహము రాపిడి వినవచ్చినచో హెచ్చరిక కాలము దాటినది. ఆ బండిని ప్రయాణమునకు తీయరాదు. బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే స్టీరింగు వణకినచో డిస్కులను చూపింపవలెను.

ఇక టైర్లు. రెండున్నర టన్నుల బండి భూమిని తాకు చోటు, ఒక్కొక్క టైరు క్రింద అరచేతికి కొంచెము మించినంత మాత్రమే. టైరులో గాలి తగ్గినప్పుడు దాని ప్రక్కలు ప్రతి చుట్టునకు వంగుచు, లేచుచు లోలోపల వేడెక్కును. బరువు ఎక్కువైన కొలది, వేగము పెరిగిన కొలది, ఎండ ముదిరిన కొలది ఆ వేడి హెచ్చును. చివరకు టైరులోని పొరలు విడిపోవును.

దీనికొక ప్రసిద్ధమైన దృష్టాంతము కలదు. 1990లలో అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ అను పెద్ద కారు విరివిగా అమ్ముడుపోయినది. దానికి తొడిగిన కొన్ని రకముల ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర, వేగముగా పోవుచుండగా ఊడిపోయి, బండ్లు పల్టీలు కొట్టినవి. వేడి ఎక్కువగా ఉండు దక్షిణ రాష్ట్రములలో ఈ ప్రమాదములు మెండు. 2000 ఆగస్టులో 65 లక్షల టైర్లను వెనుకకు తీసికొనుచున్నట్లు ప్రకటించిరి. అమెరికా రహదారి భద్రతా సంస్థ లెక్కలో ఈ టైర్లతో ముడివడిన మరణములు 271. టైరులో లోపమని కార్ల సంస్థయు, కారులో లోపమని టైర్ల సంస్థయు వాదించుకొనినవి. ఆ వాదములో గాలి సంగతి ప్రధానమైనది. ఆ కారుకు కార్ల సంస్థ నిర్ణయించిన గాలి చదరపు అంగుళమునకు 26 పౌన్లు మాత్రమే. టైర్ల సంస్థ 30 ఉండవలెనన్నది. గాలి తగ్గుట, ఎండ, బరువు, ఎత్తైన బండి పొర్లు స్వభావము, టైరులోని లోపము, ఇవి ఒకచోట కలిసినప్పుడు ఎట్టి అనర్థము కలుగునో లోకమునకు తెలిసినది. ఆ సంవత్సరాంతమున అమెరికా ఒక చట్టము చేసినది. టైరులో గాలి తగ్గినచో డాష్‌బోర్డుపై దీపము వెలుగు ఏర్పాటు అచ్చటి క్రొత్త కార్లన్నింటికి 2007 నుండి తప్పనిసరి అయినది.

మన వేసవి కూడ సామాన్యమైనది కాదు. రామగుండములోనో, రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నపు తారురోడ్డు ఎట్లుండునో చెప్పనక్కరలేదు. కావున పదునైదు దినముల కొకసారి, దూరప్రయాణమునకు ముందు తప్పక, టైర్ల గాలి చూపింపవలెను. ఎంత గాలి ఉండవలెనో డ్రైవరు తలుపు తెరచిన చోట అంటించిన చీటీపై వ్రాసియుండును. నిండు బరువునకు వేరు అంకె ఉన్నచో ప్రయాణమునాడు దానినే అనుసరింపవలెను. టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవవలెను. నడచి వేడెక్కిన టైరులో గాలి అంకె ఎక్కువగా కనబడును. అది చూచి గాలి తీసివేయుట పొరపాటు. గాడులలో అక్కడక్కడ చిన్న గట్లవంటి గురుతులుండును. వాని ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు వానితో సమముగా అరిగినచో మార్చవలెను. టైరు ప్రక్కన తయారీ తేదీ నాలుగు అంకెలుగా ఉండును. 2319 అని ఉన్నచో 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. గాడులు నిండుగా ఉన్నను, ఏండ్లు గడచి పగుళ్ళు తేలిన టైరును నమ్మరాదు. బండి నెత్తిన సామాను వేయుట కూడ తగ్గింపవలెను. ఎత్తైన బండికి పైన బరువు చేరిన కొలది పొర్లు గుణము హెచ్చును.

ఇప్పుడు ఇంజను సంగతి. ఆదివారము ఉదయము పావుగంట చాలును. బండి సమతలమున, ఇంజను చల్లగా ఉండవలెను. మొదట బండి క్రింద నేలను చూడుడు. స్వచ్ఛమైన నీటి చుక్కలు కనబడినచో అది ఎయిర్ కండిషనరు నుండి కారిన నీరు, భయము లేదు. పచ్చగానో, గులాబి రంగుగానో జిడ్డుగా ఉన్నచో కూలెంటు. నల్లనిది ఇంజను ఆయిలు. చక్రము లోపలి వైపున పలుచని ద్రవపు తడి ఉన్నచో బ్రేకు ఆయిలని అనుమానించి, బండిని కదలింపక మెకానిక్కును పిలువవలెను.

తరువాత ఆయిలు పుల్లను తీసి, తుడిచి, మరల ముంచి చూడవలెను. ఆయిలు రెండు గురుతుల నడుమ ఉండవలెను. డీజిలు ఇంజనులో ఆయిలు త్వరగా నల్లబడుట దోషము కాదు. కాని పాలు కలిసిన కాఫీ రంగులోనికి తిరిగినచో దానిలో నీరు చేరినది. పోయకుండగనే ఆయిలు మట్టము పెరిగి, డీజిలు వాసన కొట్టినచో, ఇంధనము ఆయిలులో కలియుచున్నది. ఈ రెంటిలో ఏది కనబడినను నడపరాదు.

ఆ పిమ్మట కూలెంటు డబ్బా. మట్టము ప్రతివారము తగ్గుచున్నచో ఎక్కడో కారుచున్నది. దానిలో బోరునీరు పోయు అలవాటు మనలో చాలమందికి కలదు. ఆ నీటిలోని లవణములు, బిందె అడుగున తెల్లని పెచ్చు కట్టినట్లే, రేడియేటరు సన్నని గొట్టములలో పెచ్చుకట్టి వానిని పూడ్చును. బండి పుస్తకములో చెప్పిన కూలెంటునే పోయవలెను. రేడియేటరు ముందుభాగమున పురుగులు, బురద, వరిగడ్డి పీచు చేరియున్నచో గాలి ఆడదు. మెత్తని నీటిధారతో కడిగిన చాలును. గాలి ఫిల్టరును కూడ చూడవలెను. నూర్పిళ్ళ కాలమున పల్లెబాటల వెంట తిరుగు బండికి ఫిల్టరు నియమిత కాలమునకు ముందే మూసికొనిపోవును. అప్పుడు ఇంజను ఊపిరాడక బలము తగ్గును, డీజిలు వ్యయము పెరుగును.

డీజిలు ఫిల్టరు క్రింద నీరు చేరు చిన్న గిన్నె ఉండును. దాని దీపము వెలిగినచో ఆ నీటిని వెంటనే తీయింపవలెను. ఇందులో ఒక హెచ్చరిక. పాత జీపులలో డీజిలు నిండుకొని గొట్టములలో గాలి చేరినప్పుడు, ఇంజెక్టరు నట్టు వదులుచేసి గాలి తీయుట మన మెకానిక్కులకు అలవాటు. నేటి కామన్ రైల్ ఇంజనులలో ఆ గొట్టములలోని పీడనము వాతావరణ పీడనమునకు 1600 నుండి 2000 రెట్ల వరకు ఉండును. ఆ ఒత్తిడితో చిమ్మిన డీజిలు చర్మమును చీల్చుకొని లోపలికి పోవును. ఆ నట్టుపై ఎవరిని చేయి వేయనీయరాదు.

2020 ఏప్రిలు 1 నుండి మన దేశమున బి.ఎస్. 6 ప్రమాణములు అమలులోనికి వచ్చిన పిదప డీజిలు కార్ల పొగగొట్టములో మసిని పట్టు ఫిల్టరు చేరినది. పట్టిన మసిని అది వేడిమితో తనంతట తాను కాల్చివేసికొనును. అందులకు బండి కొంత దూరము ఒకే వేగముతో నడువవలెను. పిల్లలను బడికి దింపుటకు, కూరల బజారుకు మాత్రమే పెద్ద కారును వాడువారికి ఆ అవకాశము చిక్కదు. ఆ ఫిల్టరు దీపము వెలిగినప్పుడు బండిని ఊరి వెలుపలి రహదారిపై సుమారు ఇరువది నిమిషములు నిలుకడ వేగముతో నడపినచో తరచు దీపము ఆరిపోవును. అట్లు ఆరకున్నచో వర్కుషాపుకు కొనిపోవలెను.

ఇక చిక్కులు వచ్చినప్పటి మాట. బండి కదలనన్నప్పుడు ముందుగా దాని ధ్వనిని గమనింపుడు. తాళము త్రిప్పగా టకటక మనుట, దీపములు మసకబారుట బ్యాటరీ బలహీనతకు గురుతు. బ్యాటరీ కొనలపై తెల్లని, పచ్చని పొడి పేరుకొనుట కూడ కారణము కావచ్చును. ఋణకొనను మొదట విప్పి, తినుసోడా కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి, ఆరిన తరువాత బిగింపవలెను. వేరొక బండి నుండి తీగలు తగిలించునప్పుడు వరుస తప్పరాదు. ఎఱ్ఱతీగ మొదట చచ్చిన బ్యాటరీ ధనకొనకు, పిదప మంచి బ్యాటరీ ధనకొనకు. నల్లతీగ మంచి బ్యాటరీ ఋణకొనకు. దాని రెండవ కొన చచ్చిన బ్యాటరీకి కాక, దానికి దూరముగా ఆ బండి ఇంజను లోహమునకు. బ్యాటరీ నుండి వెలువడు వాయువు నిప్పురవ్వకు మండును గనుక ఈ జాగ్రత్త. ఇంజను బాగుగా తిరుగుచు అంటుకొనకున్నచో బ్యాటరీ మంచిదే. డీజిలు అందుట లేదనియో, తాళపుచెవిని బండి గుర్తింపుట లేదనియో తలపవలెను. చాలదినములు కదలక నిలిచిన బండిలో ఎలుకలు తీగలు కొరికియుండుట మన ఇండ్లలో వింత కాదు.

వేడి సూచిక పైకి పోవుచున్నచో వెంటనే ఎయిర్ కండిషనరు ఆపి, హీటరును నిండుగా తిప్పి, బండిని ప్రక్కకు తీయవలెను. హీటరు ఇంజను వేడిలో కొంత లాగుకొనును. ముల్లు దిగకున్నను, ఆవిరి కనబడినను ఇంజను ఆపివేయవలెను. వేడిగా ఉన్న రేడియేటరు మూతను ఎట్టి పరిస్థితిలోను తెరువరాదు. లోపలి ద్రవము ఒత్తిడి వలన నూరు డిగ్రీలు దాటియు మరుగక నిలిచియుండును. మూత కదలినంతనే మరిగి, ముఖముపైకి చిమ్మును. చల్లబడుటకు గంట పట్టినను వేచియుండుటే మేలు.

పొగ రంగు కూడ మాటలాడును. నల్లపొగ గాలి చాలలేదని గాని, డీజిలు ఎక్కువైనదని గాని తెలుపును; మొదట గాలి ఫిల్టరు చూడవలెను. నీలిపొగ ఆయిలు కాలుచున్నదని తెలుపును. తెల్లపొగ లంబసింగి చలిలో ఉదయము కొంచెము కనబడుట సహజమే. ఇంజను వేడెక్కిన తరువాతను తీపివాసనతో వచ్చుచున్నచో కూలెంటు ఇంజనులోనికి పోవుచున్నది. వేగముతో కూడ పెరిగి, స్టీరింగు తిప్పినప్పుడు మారు ఊళధ్వని చక్రపు బేరింగుది. బండి ఒక ప్రక్కకు లాగుచున్నచో అన్నిటికన్న ముందు టైర్ల గాలి చూడవలెను. డాష్‌బోర్డుపై పసుపు దీపము త్వరలో చూపింపుమని చెప్పును. ఎఱ్ఱ దీపము ఇప్పుడే ఆగుమని చెప్పును. ముఖ్యముగా ఆయిలు పీడనపు ఎఱ్ఱ దీపము వెలిగిన తరువాత నడచిన ఒక్క కిలోమీటరు ఇంజను వెలను తినివేయగలదు.

నాలుగు చక్రములకు బలమిచ్చు లివరున్న బండ్లలో పెక్కింటిని పొడి తారురోడ్డుపై ఆ గేరులో నడపరాదు. మలుపులో ముందు, వెనుక చక్రములు వేరువేరు దూరములు తిరుగవలసియుండగా, వానిని ఒక్కటిగా బంధించుటచే గేర్లు బిగిసికొనును. అయితే నెల కొకసారి మట్టిబాటలో కొంత దూరము ఆ గేరు వాడినచో దాని భాగములకు ఆయిలు అందును.

పెద్ద కారు ధీమా మనిషిని ఎక్కువగా మోసగించునది వరదలో. 2024 సెప్టెంబరు తొలి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో వాహనములు మునిగినవి. నీటమునిగిన బండిని ఒడ్డుకు చేర్చినంతనే తాళము తిప్పి చూచుట తప్పు. గాలిగొట్టము ద్వారా ఇంజనులోనికి నీరు చేరియున్నచో, అది గాలివలె నలుగదు. పిస్టను పైకి వచ్చి నీటిని కొట్టినప్పుడు వంగునది లోపలి ఉక్కు కడ్డీయే. బ్యాటరీ విప్పించి, లాగించుకొనిపోవుటే మార్గము. పారు నీటిలోనికి దిగుట అసలే కూడదు. అడుగు లోతు ప్రవాహము చిన్న కార్లను కదలింపగలదు. రెండడుగుల ప్రవాహము పెద్ద కార్లను కూడ కొట్టుకొనిపోగలదు. నీరు తేల్చినప్పుడు రెండు టన్నుల బరువు మనకు తోడుగా నిలువదు.

చివరిది, చక్రము మార్చుట. పెద్ద బండ్లలో అదనపు చక్రము తరచు వెనుక అడుగుభాగమున గొలుసుతో వ్రేలాడుచుండును. దానిని దించు విధము నడిరాత్రి రహదారిపై నేర్చుకొనునది కాదు. ఒక పగటిపూట ఇంటి ముందే దించి చూడుడు. దానిలో గాలి ఉన్నదో లేదో కూడ అప్పుడే తెలియును. మార్చునప్పుడు చేతిబ్రేకు వేసి, ఎదుటి మూల చక్రమునకు రాయి అడ్డుపెట్టి, నట్లను ముందుగా కొంచెము వదులుచేసి, ఆ తరువాతనే జాకీ ఎత్తవలెను. జాకీపై ఉన్న బండి క్రిందికి తల గాని, చేయి గాని పెట్టరాదు. పిల్లలను రోడ్డు నుండి దూరముగా నిలుపవలెను.

ఇవన్నియు చూచిన పిదప తేలునదొక్కటే. బండి చాలవరకు ఒక్కసారిగా చెడిపోదు. వాసనగానో, ధ్వనిగానో, దీపముగానో, నేలపై చుక్కగానో ముందుగా చెప్పును. అది చెప్పునది డ్రైవరుకు మాత్రమే కాదు. తరచు వెనుక కూర్చున్నవారికే ముందు తెలియును. కావున ఈ గురుతులను ఇంటిల్లిపాదికి నేర్పుడు. ఘాటు రోడ్డున ఆనాడు మా అమ్మ చెప్పిన మాట విని రెండు మలుపుల ముందే ఆగియుండవలసినది. అప్పటినుండి మా బండిలో ఎవరు “ఏదో వాసన” అన్నను, ముందు బండి ఆగును, తర్కము తరువాత.